‘బానే ఉన్నామండి’ అన్న ఊరిని మళ్లీ అడిగితే

ఊరి ఆరోగ్య అవసరాలు ఇంటింటా అడిగి రాద్దామని తయారుచేసుకున్న మా ఫారం పనికిరాదని మొదటి ఇంట్లోనే తెలిసిపోయింది. "మీ ఇంట్లో ఎవరికైనా దీర్ఘకాలిక వ్యాధులు ఉన్నాయా అండీ?" అని కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతున్న మామ్మగారు తలెత్తకుండానే "మాకేవీ లేవమ్మా, బానే ఉన్నాం" అంది. ‘లేవు’ అని రాసుకుని లేవబోయాను. నాతో వచ్చిన ఆశా అమ్మాయి మాత్రం కదల్లేదు. మామ్మగారి పక్కనే చతికిలబడి, "రోజూ ఏం బిళ్ళలేసుకుంటున్నావు మామ్మా? ఓసారి తెచ్చి చూపించు" అంది.

మామ్మగారు లోపలికెళ్లి హార్లిక్స్ సీసా పట్టుకొచ్చింది. అరుగు మీద బోర్లిస్తే అందులోంచి కత్తెరతో ముక్కలు చేసిన మందుల అట్టలు రాలాయి. కొన్నిటి మీద పేరే లేదు, పేరున్న వైపు ఎప్పుడో కత్తిరించేసుకుంది. సగానికి విరిచిన బిళ్ళలు చిన్న కాగితంలో పొట్లం కట్టి ఉన్నాయి. బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ, గ్యాస్ బిళ్ళ, అన్నిటికంటే ఎక్కువగా మోకాళ్ల నొప్పుల బిళ్ళలు. "తల తిరిగినప్పుడు బీపీది సగం వేసుకుంటాను. అమ్మాయి కువైట్ నుంచి డబ్బులేసిన నెలలో అయితే మొత్తం వేసుకుంటాను" అంది. జబ్బులేవీ లేవన్న మనిషి ఆవిడే. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మంచాన పడితే జబ్బు, నడుస్తూ ఉంటే బాగున్నట్టే. మా ఊళ్లో జబ్బంటే అర్థం అది.

ఆ సాయంత్రమే ఫారంలో ప్రశ్నలు మార్చేశాం. ‘జబ్బులున్నాయా’ కొట్టేసి, ‘పోయిన నెల మందులకి ఎంతయింది, ఎక్కడ కొన్నారు, ఈ ఇంట్లో రోజూ బిళ్ళ వేసుకునేది ఎవరు, అయిపోతే ఎవరు తెస్తారు’ అని రాసుకున్నాం.

ఇంతకీ ఈ పని ఎందుకు ఎత్తుకున్నామో చెప్పాలి. మా ఊరు కోనసీమలో వైనతేయ పాయ పక్కన ఉంటుంది. పంచాయతీలో కొంత ఏటిగట్టు లోపల, కొంత గట్టు అవతల, ఏటి మధ్య లంకలో. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆరోగ్యానికి ఒక భాగం రాయాలి. ఆ ప్రణాళికకి ఇచ్చిన తొమ్మిది అంశాల్లో ‘ఆరోగ్యవంతమైన గ్రామం’ ఒకటి. అంతకుముందు ఏడాది దాన్ని పావుగంటలో రాసేశారు. ఆ కాగితం నేను చూశాను. దోమల మందు, బ్లీచింగ్, మురుక్కాలవల పూడిక. ఆ ముందు ఏడాది రాసింది కూడా అవే మూడు, అదే వరసలో. నేను డ్వాక్రా గ్రామ సంఘం తరఫున ఆరోగ్య కమిటీలో ఉన్నాను, సంతకం కూడా పెట్టాను. ఏ ఇంటి గడపా తొక్కకుండా ఊరి అవసరాలని రాసిన కాగితం మీద నా సంతకం ఉండడం నాకు చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు. ఈసారి అడిగి రాద్దామని గ్రామసభలో లేచి అన్నాను. అడగండి అన్నారు. ఎలా అడగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మేం అయిదుగురం. నేను, ఆశా అమ్మాయి, ఏఎన్ఎం సిస్టరు గారు, అంగన్‌వాడీ టీచరమ్మ, రిటైరైన లెక్కల మాస్టారు. పని చేసుకునే ఇళ్లకి పొద్దున్నే వెళ్తే లాభం లేదని రెండు రోజుల్లోనే అర్థమైంది. మగాళ్లు కొబ్బరి దింపులకి, చేలకి పోతారు. ఆడాళ్లు ఒలుపుకి, రొయ్యల షెడ్డుకి పోతారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ నుంచి ఎనిమిదింటి దాకా తిరిగాం. ఒక్కో వీధికి రెండు రోజులు పట్టింది. మొత్తం నెల పైన.

అన్నిటికంటే కష్టమైన పని చావుల లెక్క. మాస్టారి పట్టుదల అది. "బతికున్నవాళ్లు బాగున్నామనే అంటారమ్మా, పోయినవాళ్ల సంగతి అడగండి" అన్నారు. రెండేళ్ల జనన మరణాల రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాం. కారణం రాసే గడిలో చాలాచోట్ల ‘వృద్ధాప్యం’ అనో ‘సహజం’ అనో ఉంది. నలభై ఎనిమిదేళ్ల మనిషికి కూడా ‘సహజం’ అని ఉంది. అది చూసి సిస్టరు గారు పెన్ను కింద పెట్టేశారు.

ఒక్కో ఇంటికీ మళ్లీ వెళ్లాం. ఆఖరి రోజు ఎలా గడిచింది, ముందు ఏమనిపించిందన్నారు, ఎక్కడికి తీసుకెళ్లారు, దారిలో ఎంతసేపయింది అని అడిగాం. ఏడ్చారు. కొందరు మమ్మల్ని గుమ్మంలోనే ఆపేశారు, అది వాళ్ల హక్కు. కానీ చాలామంది చెప్పారు, చెప్పి మనసు తేలికపడ్డవాళ్లూ ఉన్నారు. మూతి వంకర పోయింది, చెయ్యి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. గుండెల్లో మంటంటే గ్యాస్ అనుకుని సోడా తాగించాం. ఇవే మాటలు ఇంటింటా వినబడ్డాయి. రిజిస్టర్లో ‘సహజం’ అని ఉన్నవాటిలో చాలావరకు పక్షవాతం, గుండెపోటు.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదని మాస్టారు తరవాత చూపించారు. 2003-04లో మన ఉభయ గోదావరి జిల్లాల్లోనే 45 ఊళ్లలో సరిగ్గా ఇలాగే ఇంటింటికీ వెళ్లి, పోయినవాళ్లు ఎలా పోయారో అడిగి రాసిన అధ్యయనం ఒకటి ఉంది. ఒక ఏడాదిలో 1,354 మరణాలు చూశారు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. ప్రమాదాలు, గాయాలు 13 శాతం. అంటురోగాలు 12 శాతమే. అంటే ఇరవై ఏళ్ల కిందటే మన డెల్టాలో మనుషులు బీపీతో, గుండెతో పోతున్నారని లెక్క తేలింది. మేం మాత్రం నిన్నమొన్నటి దాకా దోమల మందు, బ్లీచింగ్ దగ్గరే ఆగిపోయాం.

ఆ ఇళ్లలో ఒకటి నన్ను వదలదు. ఆయన కొబ్బరి దింపు కార్మికుడు, లంకలో ఇల్లు. తెల్లారగట్ల లేచేసరికి కుడి చెయ్యి పట్టు లేదు. తిమ్మిరెక్కిందనుకున్నాడు. భార్య ఆముదం రాసింది. ఎనిమిదింటికి మూతి ఒక పక్కకి లాగింది. పక్క ఊళ్లో పక్షవాతానికి పసరు పోస్తారని అక్కడికి తీసుకెళ్లారు. మధ్యాహ్నానికి మాట పడిపోయాక 108కి ఫోన్ చేశారు. బండి అవతలి గట్టు మీదికి త్వరగానే వచ్చింది. మనిషిని మంచంతో సహా రేవు దాకా మోసి, నాటు పడవలో వేసి దాటించేసరికి మరో గంట. మెదడులో గడ్డకట్టిన నెత్తుటిని కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తేనే పనిచేస్తుందని సిస్టరు గారు చెప్పినప్పుడు ఆ భార్య వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. ఎందుకు చెప్పామా అనిపించింది ఒక్క క్షణం. ఆవిడే, "నాకు ముందే తెలిస్తే పసరుకి వెళ్లేదాన్ని కాదు కదండీ. అందరికీ చెప్పండి" అంది. ఆ మాట నా నోట్సులో ఉంది. దాని కింద రెండు గీతలు గీసుకున్నాను.

నీళ్ల సంగతికి రామాలయం వీధిలో ముగ్గు వేశాం. పటం గీయమంటే ఆడవాళ్లు సిగ్గుపడ్డారు గానీ ముగ్గు డొక్కు చేతికిస్తే ఊరంతా పరిచేశారు. మంచినీళ్ల చెరువు, ట్యాంకు, పైపు లైను, కుళాయిలు. దాని మీదే మురుక్కాలవలు బొగ్గుపొడితో గీయించాం. తెల్ల గీత నల్ల గీతని ఎక్కడెక్కడ దాటుతోందో అందరికీ ఒకేసారి కనబడింది. పంట కాలవ చివరి వీధిలో పైపు మురుక్కాలవ లోపలినుంచే పోతోంది. ఆ వీధి ఆడపిల్ల ఒకామె, "అందుకే కాబోలు మా కుళాయిలో మొదటి బిందె వాసనేస్తది" అంది.

పరీక్ష చేశాం. చిన్న గాజు సీసాలో మందు ఉంటుంది, నీళ్లు పోసి మూత బిగించి ఒకటి రెండు రోజులు వెచ్చటి చోట పెట్టాలి. మలంతో వచ్చే సూక్ష్మజీవులుంటే నీళ్లు నల్లబడతాయి. ట్యాంకు దగ్గర ఒకటి, బడి దగ్గర ఒకటి, ఆ చివరి వీధి కుళాయి దగ్గర ఒకటి పట్టి మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టాను. మర్నాడు పొద్దున్న చూస్తే మొదటి రెండూ అలాగే ఉన్నాయి. మూడోది కాటుకలా ఉంది. ఆ సీసా గ్రామసభలో బల్ల మీద పెట్టాక నేను పెద్దగా మాట్లాడాల్సిన పని లేకపోయింది.

కారణం ఒక్క పైపు పగులే కాదు. నీళ్లు రోజుకి ఒక గంట వదులుతారు. మిగతా సేపు పైపు ఖాళీగా ఉంటుంది. పైగా చాలామంది కుళాయికి మోటారు బిగించి లాగుతారు. పైపులో ఒత్తిడి లేనప్పుడు మోటారు లాగితే చుట్టూ ఉన్న మురుగునీరు పగుళ్లలోంచి లోపలికొస్తుంది. ట్యాంకులో క్లోరిన్ ఎంత కలిపినా చివరి కుళాయి దగ్గర లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి, అక్కడ పరీక్ష చేస్తే, క్లోరిన్ ఉంటే రావాల్సిన పసుపు రంగు రానే లేదు. మోటార్లు ఉన్నవాళ్లలో మా ఇల్లూ ఒకటి. ఆ సాయంత్రమే తీయించేశాం.

బోదకాలు గురించి ఏ మీటింగులోనూ ఎవరూ మాట్లాడలేదు. ఆ కాలున్నవాళ్లు మీటింగులకి రారు కాబట్టి. మేం అత్తగారని పిలిచే ఓ పెద్దావిడ ఇంటికి మేమే వెళ్లాం. చీర కుచ్చిళ్లు పాదాల మీదికి జార్చుకుని కూర్చుంది. పెళ్లయిన నాలుగో ఏడు నుంచి ఉందట. ఏడాదిలో మూడు నాలుగుసార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం వస్తుంది, అప్పుడు వారం రోజులు కూలి పోతుంది. ఏటా పంచే మందులు అడిగితే, "ఇచ్చారమ్మా, అదిగో" అని గూట్లోంచి తీసి చూపించింది. మూడేళ్ల బిళ్ళలు. పక్కింటివాళ్లూ, వాళ్ల పక్కవాళ్లూ అంతే. ఒంట్లో ఉండి ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు రాత్రిపూటే నెత్తుట్లోకి వస్తాయి, అందుకే రక్త పరీక్ష రాత్రి ఎనిమిది దాటాక చేస్తారు. బోదకాలు లేనివాళ్ల నెత్తుట్లోనూ అవి ఉండొచ్చు, దోమ అక్కడినుంచే మోసుకుపోతుంది. అందుకే రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడ్డవాళ్లు తప్ప అందరూ మింగాలి. ఇది మాకెవరికీ సరిగా తెలీదు. ‘కాలు లావు లేదు కదా, నాకెందుకు’ అనే అందరం గూట్లో పెట్టేశాం.

సిస్టరు గారు ఆ రోజు బేసిన్‌లో నీళ్లు తెప్పించి, సబ్బుతో ఆ కాలు తనే కడిగారు. వేళ్ల సందుల్లో మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టి, చిన్న పుండు ఉన్న చోట మందు రాశారు. రోజూ ఇలా చేస్తే జ్వరాలు తగ్గుతాయని చెప్పారు. నలభై ఏళ్లలో బయటివాళ్లెవరూ ఆ కాలు ముట్టుకోలేదట. అత్తగారు మాట్లాడలేదు, చీర చెంగుతో మొహం కప్పుకుంది.

ముందు ఏది, తరవాత ఏది అని తేల్చే రోజు వచ్చింది. చింతగింజలు తెచ్చాం. ఒక్కో అవసరానికీ ఒక బొమ్మ గీసిన అట్ట, మనిషికి పది గింజలు. చదువు రానివాళ్లు కూడా పెట్టగలగాలని ఇలా చేశాం. మగాళ్లకి వేరుగా, ఆడాళ్లకి వేరుగా, లంకవాళ్లకి లంకలోనే. అందరినీ ఒకచోట కూర్చోబెడితే పెద్దరైతుల మాటే చెల్లుతుందని నేనే పట్టుబట్టాను. ఆ విషయంలో నాకు కొంత విరోధం వచ్చింది, ఫరవాలేదు.

మగాళ్ల గింజలు ఎక్కువగా ‘ఊళ్లోనే పెద్దాసుపత్రి’ మీద పడ్డాయి. నాకు వాళ్ల మీద కోపం లేదు. రాత్రిపూట నొప్పి వస్తే అమలాపురమో కాకినాడో పరిగెత్తినవాడికి అదే కావాలనిపిస్తుంది. కానీ మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 మందికి ఒక ఉపకేంద్రం అన్నది లెక్క. మా ఊరికి ఉపకేంద్రం ఉంది. లేని ఆసుపత్రి కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటూ, ఉన్న ఉపకేంద్రంలో ఉచితంగా దొరికే బీపీ బిళ్ళ మామ్మగారికి అందట్లేదని ఎవరం చూడలేదు. ఆ మాట మాస్టారు చెప్పాక ఇద్దరు ముగ్గురు తమ గింజలు తీసి వేరే అట్ట మీద పెట్టారు.

ఆడాళ్ల గింజలు ముందు నీళ్ల మీద, తరవాత తాగుడు సీసా బొమ్మ మీద పడ్డాయి. తాగుడు ఆరోగ్యం కిందికి రాదేమోనని నేను ఆ అట్ట పెట్టలేదు. ఒకావిడ ఖాళీ అట్ట అడిగి తనే గీసింది. ఇంకొక ఆవిడ నీరసం అంది, అందరూ అవునవునన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఆ వీధిలో సిస్టరు గారు వేలికి సూది గుచ్చి చూస్తూ పోతే ఆ లెక్క కళ్ల ముందే కనబడింది. పాలిపోయిన గోళ్లు. ఐరన్ బిళ్ళలు మలబద్ధకం చేస్తున్నాయని మానేశారు, టీతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టవని ఎవరూ చెప్పలేదు.

లంకలో గింజలన్నీ ఒకే అట్ట మీద. పడవ. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నెలలు నిండిన ఇద్దరిని మోకాల్లోతు నీళ్లలో నడిపించి పడవెక్కించిన సంగతి అక్కడ ప్రతి ఇంట్లోనూ చెబుతారు. వాళ్లకి ఆసుపత్రి కంటే ముందు రేవు దాటడమే ముఖ్యం.

ఒక్క విషయంలో తేలలేదు. రొయ్యల చెరువుల నీళ్లు డ్రైనులోకి వదలడం, ఆ ఉప్పు పక్కనున్న బోర్లలోకి దిగడం. రొయ్యల రైతులూ మా ఊరివాళ్లే, అప్పుల్లో ఉన్నవాళ్లే. వరి రైతులూ మావాళ్లే. గింజలు పెట్టే దగ్గరే మాట మాట పెరిగి అట్ట తీసేయాల్సి వచ్చింది. ప్రణాళికలో ఆ సమస్యని సమస్యగా రాశాం, పరిష్కారం గడి ఖాళీగా ఉంచాం. దొంగ మాట రాయడం కంటే అదే మంచిదనిపించింది.

ఆరోగ్య, పారిశుధ్య కమిటీకి ఏడాదికి వచ్చే 10,000 రూపాయలతో పెద్ద పనులు కావు. కాబట్టి డబ్బక్కర్లేనివి ముందు మొదలుపెట్టాం. గురువారం సాయంత్రం ఆరింటికి, అంటే ఒలుపు నుంచి వచ్చాక, రామాలయం అరుగు మీద బీపీ చూస్తారు. బిళ్ళలు నెలకి సరిపడా అక్కడే ఇస్తారు. నడవలేనివాళ్లకి ఆశా అమ్మాయి ఇంటికి తీసుకెళ్తుంది. మామ్మగారి సీసా అట్టలన్నీ ఏరి, పొద్దుటి బిళ్ళలు ఎర్ర సంచిలో, రాత్రివి నల్ల సంచిలో వేసి ఇచ్చాం. నొప్పుల బిళ్ళలు రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి అని చెబితే ఆవిడ చాలాసేపు నమ్మలేదు. బాగా తగ్గించింది, పూర్తిగా మానలేదు.

లంకలో ముగ్గురు పడవవాళ్లు రాత్రిళ్లు వంతులేసుకున్నారు. వాళ్ల నంబర్లు ప్రతి ఇంటి తలుపు మీదా రంగుతో రాయించాం. దాని కిందే ‘మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం – పసరు వద్దు, 108’ అని ఉంది. ఆ దింపు కార్మికుడి భార్యే దగ్గరుండి రాయించింది. జూన్‌లోనే, వరదలకి ముందు, జూలై నుంచి సెప్టెంబరు దాకా నెలలు నిండేవాళ్ల జాబితా తయారవుతుంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి రాగానే వాళ్లని గట్టు ఇవతల చుట్టాలిళ్లకి పంపేస్తాం, మూడో హెచ్చరిక దాకా ఆగం. బోదకాలు మందులు పంచే రోజున ఎదురుగా మింగించాం, ముందు మేం మింగి.

పైపు మార్చడానికి పది నెలలు పట్టింది. ఎస్టిమేటు ఒకసారి వెనక్కొచ్చింది. ఆఖరికి మురుక్కాలవ లోపలినుంచి తీసి పైనుంచి ఇనప గొట్టంలో వేశారు.

మొన్న ఏప్రిల్లో కాలవలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నిండా పట్టుకున్నాం. జూన్‌లో మళ్లీ నీళ్లొచ్చేదాకా ఊరంతా ఆ నీళ్ల మీదే. అందుకే అప్పుడే మళ్లీ సీసాలు పట్టాం, ఈసారి నాలుగు. బియ్యం డబ్బా పక్కన రెండు రోజులు ఉంచాం. ట్యాంకు, బడి, చివరి వీధి మూడూ తేటగా ఉన్నాయి. చివరి వీధి ఆడవాళ్లు వచ్చి ఒక్కొక్కరే చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసుకున్నారు. లంక చేతిపంపు దగ్గర పట్టిన నాలుగోది నల్లబడింది. దాన్ని గుడ్డలో చుట్టి పెట్టాను. వచ్చే సోమవారం అర్జీల రోజున లంకవాళ్లు పదిమంది, నేను, మాస్టారు పొద్దున్న పడవకే బయల్దేరుతున్నాం.